జిమ్ముకెళ్తే తగ్గాల్సింది పోయి రెండున్నర కిలోలు పెరిగా!

ప్రశ్న: డాక్టరుగారూ, మాది నెల్లూరు. వయసు 43, ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. ఆరేళ్లుగా పొద్దున్నే స్టేడియంలో రోజుకి ఏడు కిలోమీటర్లు నడుస్తున్నాను, వానొచ్చినా మానలేదు. 72 నుంచి 68కి దిగి అక్కడే ఆగిపోయింది. నడక ఒక్కటే చాలదు, బరువులెత్తాలి వదినా అని మా ఆడపడుచు పోరుపెడితే మూణ్ణెల్ల ఫీజు ఒకేసారి కట్టేసి జిమ్ములో చేరాను. నడక మానేసి వారానికి ఆరు రోజులు జిమ్మే. మొదటి వారం మెట్లు దిగాలంటే గోడ పట్టుకుని దిగాను, అంత నొప్పులు. ఇన్ని తిప్పలు పడి మూడు వారాల తర్వాత చూసుకుంటే 68.2 ఉన్నది 70.6 అయింది! కోచ్‌ని అడిగితే "కొవ్వు పోయి కండ వస్తోంది మేడమ్, టెన్షన్ పడకండి" అని మిషన్లోంచి ఒక చీటీ తీసి చూపించాడు. మా ఆయనేమో "డబ్బులిచ్చి మరీ బరువు కొనుక్కొచ్చింది" అని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెబుతున్నాడు. తిండి కోచ్ చెప్పినట్టే తింటున్నాను. జిమ్ము నుంచి రాగానే అరటిపండు, గ్లాసు పాలు, ప్రొటీన్ పొడి మిక్సీ పట్టుకుని తాగుతాను, తర్వాత మామూలు టిఫిను. అలసటకి మధ్యాహ్నం గంటన్నర నిద్ర పట్టేస్తోంది, ఇదివరకు పగలు పడుకునే అలవాటే లేదు. నెలసరి కూడా ఈ మధ్య అటూ ఇటూ అవుతోంది. జిమ్ము మానేసి మళ్లీ నడకకే పోనా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: ముందు మీ ఆయనకి చెప్పండమ్మా, మీరు కొనుక్కొచ్చిన దాంట్లో సగం నీళ్లే. మిగతా సగం జిమ్ములో రాలేదు, మీ మిక్సీలోంచి వచ్చింది. కండ కూడా కాస్త ఉండొచ్చు గానీ, మీ కోచ్ చెప్పినంత లేదు.

ఎలా చెప్పగలనంటే, లెక్క వేసి చూద్దాం. ఒక కిలో కొవ్వు ఒంట్లో చేరాలంటే ఖర్చు పెట్టినదానికంటే సుమారు 7,700 కేలరీలు ఎక్కువ తినాలి. మీకు పెరిగింది 2.4 కిలోలు. అదంతా కొవ్వే అయితే ఈ మూడు వారాల్లో మీరు 18,000 కేలరీల పైన, అంటే రోజుకి దగ్గర దగ్గర 880 కేలరీలు అదనంగా తిని ఉండాలి. మామూలుగా తినేది తిని, ఆ పైన రోజూ ఐదారు దోశలు లాగించినట్టు. అలా తింటే మీకు తెలియకుండా ఉండదు, ఇంట్లో పిండి డబ్బాకి కూడా తెలిసిపోతుంది. కాబట్టి అంతా కొవ్వు కాదు.

మరి నీళ్లెక్కడివి? అలవాటులేని బరువులు ఎత్తినప్పుడు కండరాల్లోని సన్నని పోగులు అక్కడక్కడా చిట్లుతాయి. ఇది జబ్బు కాదు, కండ గట్టిపడేది ఇలా చిట్లి మళ్లీ అతుక్కునే దారిలోనే. ఆ మరమ్మతు జరిగే చోటికి రక్తంలోంచి నీరు చేరుతుంది, చెయ్యి దెబ్బతగిలితే వాచినట్టే, కాకపోతే లోపల్లోపల, కొంచెం కొంచెంగా, తొడల్లో, పిక్కల్లో, భుజాల్లో. మీరు గోడ పట్టుకుని మెట్లు దిగారన్నారే, ఆ నొప్పి వ్యాయామం చేసిన మర్నాటి నుంచి మూడోరోజు లోపల బాగా ముదురుతుంది. ఆ రోజుల్లో తూకం చూసుకుంటే పెరిగి కనపడక ఏమవుతుంది?

రెండోది గ్లైకోజెన్. మనం తిన్న అన్నంలో, ఇడ్లీలో ఉన్న పిండిపదార్థాన్ని ఒళ్లు ఈ రూపంలో కండరాల్లో, కాలేయంలో దాచుకుంటుంది, పెద్దవాళ్లలో మొత్తం కలిపి అర కిలో దాకా. బరువులెత్తే పని మొదలవగానే కండరాలు జాగ్రత్తపడి ఈ నిల్వను పెంచుకుంటాయి. ఒక గ్రాము గ్లైకోజెన్‌ని దాచాలంటే దాంతోపాటు సుమారు మూడు గ్రాముల నీళ్లు పట్టి ఉంచుకోవాలి. 200 గ్రాములు పెరిగినా నీళ్లతో కలిపి 800 గ్రాములు. ముక్కాలు కిలో పైన ఇక్కడే తేలిపోయింది. తిండి మానేసిన మొదటి వారంలో జనం రెండు కిలోలు తగ్గామని ఊరంతా చాటుకుంటారు చూడండి, అదీ ఈ నీళ్లే, అవతలి వైపుకి.

ఇక కండ సంగతి. నలభై దాటిన ఆడమనిషి కొత్తగా బరువులెత్తడం మొదలుపెట్టి, తిండీ నిద్రా కుదిరి, నెలకి అర కిలో కండ పెంచుకుంటే అదే గొప్ప. మూడు వారాల్లో రెండున్నర కిలోల కండ పెరిగే పనైతే మన వస్తాదులంతా అన్నేళ్లు కష్టపడేవాళ్లు కారు. మరి ఆ చీటీలో కండ పెరిగినట్టు ఎలా వచ్చిందంటారా? ఆ మిషన్ కండను చూడలేదు. పాదాల దగ్గరో చేతుల దగ్గరో చాలా తక్కువ కరెంటు పంపి, అది ఎంత తేలిగ్గా పోయిందో చూసి, ఒంట్లో నీరెంత ఉందో అంచనా వేసి, దాన్నిబట్టి కండ ఇంత, కొవ్వు ఇంత అని లెక్కగడుతుంది. ఒంట్లో నీరు పెరిగితే దాన్నీ కండ కిందే రాసేస్తుంది. మీ కోచ్ అబద్ధం చెప్పాడనను, ఆ అబ్బాయి చీటీలో ఉన్నదే చదివాడు.

నెలసరి సంగతి మీరు చివర్లో ఒక్క ముక్కలో రాసి వదిలేశారు గానీ నాకు అది ముఖ్యం. నెలసరికి ముందు రోజుల్లో చాలామందికి కిలో, ఒక్కోసారి రెండు కిలోలు నీరు చేరి, వచ్చాక దిగిపోతుంది. మీరు 68.2 చూసుకున్నది నెలసరి అయ్యాకా, 70.6 చూసుకున్నది రాబోయే ముందా? అలా అయితే ఆ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టకూడదు. ఈసారి నెలసరి మొదలైన ఐదోరోజు తూకాన్ని వచ్చేసారి నెలసరి ఐదోరోజు తూకంతో పోల్చుకోండి. అసలు ఏ తేదీకి వస్తుందో తెలియడంలేదంటే, నలభైల్లో ఉన్నారు కాబట్టి ఒకసారి గైనకాలజిస్టుకి చూపించుకుని థైరాయిడ్ పరీక్ష కూడా చేయించుకోండి, ఎలాగూ చేయించుకోవాల్సిందే.

ఇంకోటి. మన నెల్లూళ్లో ఆదివారం చేపల పులుసు, సోమవారం పొద్దున అదే పులుసు ఇంకా బాగా ఊరింది కదా అని మళ్లీ. ఉప్పూ పులుపూ కారమూ దండిగా పడితేనే అది చేపల పులుసు, కాదనను, నేనూ తింటాను. కానీ ఉప్పు తన వెంట నీళ్లను పట్టుకునే వస్తుంది. జాతీయ పోషకాహార సంస్థ రోజుకి 5 గ్రాములు దాటొద్దంటున్న ఉప్పు, పులుసులోనూ ఊరగాయలోనూ కలిపి ఒక్క పూటలోనే అయిపోతుంది. సోమవారం బరువు చూసుకుని ఏడ్చేవాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తారు, వాళ్లందరికీ బుధవారం చూసుకోమని చెబుతాను.

ఇక్కడితో ఆపేస్తే మీకు సంతోషంగా ఉంటుంది, కానీ మీ ఉత్తరంలో నేను ఎర్ర పెన్నుతో గీత గీసుకున్న మాటలు ఇంకా ఉన్నాయి. ఇలాంటి ఉత్తరం ఏదొచ్చినా నేను వెతికేది ఒక్కటే: వ్యాయామం మారినప్పుడు దాంతోపాటు ఇంకేం మారింది?

మీ విషయంలో మూడు మారాయి. ఒకటి, నడక మానేశారు. 68 కిలోల మనిషి ఏడు కిలోమీటర్లు నడిస్తే సుమారు 350 కేలరీలు ఖర్చవుతాయి. జిమ్ములో గంటసేపు ఉన్నా అందులో సగం సమయం ఊపిరి తీసుకోవడానికీ, పక్కావిడ మిషన్ దిగేదాకా కాచుకోవడానికీ పోతుంది, 200 నుంచి 250 ఖర్చయితే ఎక్కువ. చెమట కారింది కదా అంటారేమో, మన ఊళ్లో ఊరికే కూర్చున్నా కారుతుంది, దాన్నిబట్టి లెక్కలు కట్టకండి. రెండు, ఆ మిక్సీ గ్లాసు. అరటిపండు 100, పాలు 150, పొడి 120, మొత్తం 350 దాటింది. అది టిఫినుకి బదులు తాగితే ఏ పేచీ లేదు, మీరు తాగి, పైన టిఫిను కూడా తింటున్నారు. మూడు, మధ్యాహ్నం నిద్ర. ఇదివరకు ఆ గంటన్నర ఇల్లు సర్దుతూనో బట్టలు మడతపెడుతూనో మేడ మీదకీ కిందకీ తిరిగేవారు. ఒళ్లు అలిసిపోతే మనకి తెలియకుండానే మిగతా రోజంతా కదలడం తగ్గిపోతుంది, పొద్దున గంట కష్టపడ్డామన్న ధీమా ఒకటి. మూడోదాన్ని వదిలేసి మొదటి రెండే కలిపినా రోజుకి 450 కేలరీల తేడా. పైన చెప్పిన 880లో సగం! అందుకే అన్నాను, సగం నీళ్లు, సగం మిక్సీ అని. నీళ్లు వాటంతటవే పోతాయి, రెండోది మీరు ఆపితేగాని ఆగదు.

మీరొక్కరే కాదమ్మా, నేనూ ఇలాగే బోల్తా పడ్డాను. యాభైలో పడ్డాక పొద్దున నడక ఏం బాగుంటుందిలే అని షటిల్ మొదలుపెట్టాను, రెండు నెలల్లో కిలోన్నర పెరిగాను. పేషెంట్లకి చెప్పేవన్నీ నాకు నేనే చెప్పుకున్నాను, నీరు, గ్లైకోజెన్, కండ, అన్నీ. మా ఆవిడ ఒకే ముక్క అడిగింది, "ఆట అయ్యాక ఎక్కడికి పోతున్నారు?" అని. కారం దోశ, దాని మీద వెన్న, తర్వాత టీ. నలుగురం ఆడితే నలుగురం పోతాం, ఒకరు వద్దన్నా మిగతా ముగ్గురు ఊరుకోరు. ఆట ముప్పావు గంట, టిఫిను గంటంపావు.

జిమ్ము మానొద్దు. నలభై దాటాక ఆడవాళ్లకి కండ, ఎముక రెండూ కరగడం మొదలవుతాయి, వాటిని నిలబెట్టేది బరువులెత్తడమే, ఆ పని నడక వల్ల అంతగా కాదు. కానీ నడకను అటకెక్కించడం తప్పు. ఆరు రోజుల జిమ్ము మూడు రోజులు చెయ్యండి, మిగతా రోజులు మీ స్టేడియం మీకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ ఇదే, వారానికి 150 నిమిషాలు తక్కువ కాకుండా కాస్త వేగంగా నడవడంలాంటివి, కనీసం రెండు రోజులు కండరాలకి పని. మధ్యలో ఒక రోజు విడిచి ఎత్తితే ఆ చిట్లిన పోగులు కోలుకుంటాయి, మధ్యాహ్నం నిద్రా తగ్గుతుంది. మిక్సీ గ్లాసు కావాలంటే దాన్నే టిఫిను అనుకోండి, లేదా పొడి పక్కన పెట్టి రెండు గుడ్లో గుప్పెడు ఉడికించిన శనగలో టిఫినుతో కలిపి తినండి. నీళ్లు చేరాయన్నాను కదా అని తాగడం తగ్గించేరు, ఈ ఎండల్లో అంతకంటే పొరపాటు లేదు, తక్కువ తాగితే ఒళ్లు ఉన్ననీళ్లను ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

తూకం వారానికి ఒక్కసారే, ప్రతి వారం ఒకే రోజున, పొద్దున బాత్రూముకి వెళ్లొచ్చాక, కాఫీకి ముందు. మిషన్ గచ్చు మీద పెట్టండి, చాప మీదా పట్టా మీదా పెడితే తప్పు చూపిస్తుంది. జిమ్ము మిషన్లో ఒకసారి, ఇంటి మిషన్లో ఒకసారి చూసి పోల్చుకోవద్దు. (మా చిన్నప్పుడు రైల్వే స్టేషన్లో తూకం మిషన్ ఎక్కి డబ్బు బిళ్ల వేస్తే లైట్లు తిరిగి అట్టముక్క టికెట్ వచ్చేది, వెనక జాతకం కూడా ఉండేది. దాన్ని నమ్మినంతగా ఇప్పుడు ఇంట్లో మిషన్ని నమ్ముతున్నారు జనం.) దానికంటే టేపు నయం. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన, ఊపిరి వదిలాక, బిగించకుండా కొలవండి. మన దేశంలో ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు, మగవాళ్లకి 90 దాటితే జాగ్రత్తపడాలి. బరువు పెరిగినా నడుం కొలత తగ్గుతోందంటే మీ కోచ్‌కి స్వీటు ఇవ్వండి. ఆరు వారాలు దాటాక కూడా తూకం, టేపు రెండూ పైకే పోతుంటే ఇక నీళ్ల మీద నెట్టేయడానికి లేదు, తినేదంతా వారం రోజులు కాగితం మీద రాసి తీసుకుని రండి.

ప్రశ్న: సార్, మాది ఒంగోలు, వయసు 22. కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్నా. ఏడాది నుంచి పరుగు తీస్తున్నా, 1600 మీటర్లు ఆరు నిమిషాల నలభై సెకన్లలో కొట్టేవాణ్ణి. ఛాతీ కొలత చాలదేమోనని పరుగు ఆపి జిమ్ములో చేరాను. అక్కడ అన్నలు కండకి మంచిదని క్రియాటిన్ పొడి వాడమన్నారు, రోజుకి నాలుగు స్పూన్లు వేసుకున్నా. రెండు వారాల్లో 61 నుంచి 64 కిలోలు అయ్యాను. మొన్న గ్రౌండుకి వెళ్లి పరిగెత్తితే ఏడున్నర నిమిషాలు పట్టింది. భయమేసి రక్త పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 1.4 ఉంది, కిడ్నీలు చూపించుకో అని ల్యాబు అతను అన్నాడు. రెండు రోజులుగా నిద్రలేదు.
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: నాయనా, ముందు ఈ రాత్రి నిద్రపో. క్రియాటిన్ కండరాల్లోకి పోయి నీళ్లను లోపలికి లాగుతుంది, దాని పనే అది. మొదటి వారం పది రోజుల్లో కిలో నుంచి రెండు కిలోలు పెరగడం మామూలు, నువ్వు వేసుకున్నట్టు నాలుగు స్పూన్లు వేస్తే ఇంకా తొందరగా పెరుగుతుంది. రోజుకి 3 నుంచి 5 గ్రాములు, అంటే ఒక్క స్పూను చాలు, దాన్ని మించి వేసుకున్నది చాలావరకు మూత్రంలో పోతుంది, డబ్బులు కూడా దాంతోపాటే.

రిపోర్టు సంగతి. క్రియాటిన్ ఒంట్లో విరిగి మారేదే క్రియాటినిన్, దాన్ని కిడ్నీలు మూత్రంలో బయటికి పంపుతాయి, అందుకే కిడ్నీల పనితీరుకి ఆ అంకె చూస్తారు. పొడి వేసుకుంటూ, పైగా బరువులెత్తుతూ పరీక్ష చేయించుకుంటే ఆ అంకె కాస్త ఎక్కువ రావడం వింతేం కాదు, అంతమాత్రాన కిడ్నీ పాడైందని కాదు. అలాగని కిడ్నీ బాగుందని నేను ఇక్కడ కూర్చుని సర్టిఫికెట్ కూడా ఇవ్వలేను. పొడి ఆపేసి మూడు నాలుగు వారాలు ఆగి, పరీక్షకి ముందు రెండు రోజులు జిమ్ముకి పోకుండా మళ్లీ చేయించుకో, మూత్రంలో ప్రొటీన్ పోతోందేమో కూడా చూడమను. అప్పటికీ ఎక్కువే ఉంటే కిడ్నీ డాక్టరు దగ్గరికి వెళ్లు, క్రియాటిన్ వాడిన సంగతి దాచకుండా చెప్పు. సిస్టాటిన్ సి అని ఇంకో రక్త పరీక్ష ఉంది, పొడి వల్ల, కండ వల్ల అది అంతగా మారదు, అనుమానం తీరకపోతే ఆయనే రాస్తారు. ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం ఈ పొడుల జోలికే పోవద్దు.

ఒక్కటి మాత్రం ఇప్పుడే చెప్పాలి. ఎండలో, కొత్తగా, మితిమీరి వ్యాయామం చేశాక కండరాలు రాయిలా వాచి, మూత్రం కోలా డ్రింకు రంగులో వస్తే అది ఇంటి దగ్గర ఆగే విషయం కాదు, అదే గంటలో ఆస్పత్రికి వెళ్లాలి. చిట్లిన కండరం రక్తంలోకి దిగి కిడ్నీలను అడ్డుకుంటుంది. మే నెల ఒంగోలు ఎండలో ట్రాక్టరు టైర్లు తిరగేసే కుర్రాళ్లందరూ ఈ మాట గుర్తుపెట్టుకోండి.

పరుగు ఎందుకు తగ్గిందో నీకే తెలుసు. మూడు కిలోల సంచీ వీపుకి కట్టుకుని పరిగెత్తావు, పైగా రెండు వారాలు ప్రాక్టీసు లేదు. ఇప్పటిదాకా ఈ ఉద్యోగానికి మగవాళ్లకి అడుగుతూ వచ్చినది ఛాతీ 86.3 సెంటీమీటర్లు, గాలి పీలిస్తే ఇంకో 5 సెంటీమీటర్లు పెరగడం, 1600 మీటర్లు 8 నిమిషాల్లో. నీ ఛాతీ అసలు ఎంతుందో ఉత్తరంలో రాయలేదు. కొలుచుకున్నావా, లేక అన్నలు చూసి చెప్పిందేనా? పుష్‌అప్స్, డిప్స్ తీస్తూ వారానికి నాలుగు రోజులు పరుగు తియ్, ఆ 5 సెంటీమీటర్లు కండతో కాదు, ఊపిరితో వచ్చేది. ఇంకా, జిమ్ముల్లో సూది మందులు తెచ్చిపెడతామనేవాళ్లు ఉంటారు, అక్కడ మాత్రం ఒక్క నిమిషం కూడా కూర్చోవద్దు.

ప్రశ్న: అయ్యా, మాది కందుకూరు దగ్గర పల్లె. వయసు 58. షుగరు, బీపీ పదేళ్లుగా ఉన్నాయి. పొగాకు పండించేవాణ్ణి, నిరుడు పొలం కౌలుకిచ్చేశాను. ఖాళీగా ఉంటే షుగరు పెరుగుతుందని మా అబ్బాయి బెంగళూరు నుంచి ట్రెడ్‌మిల్ పంపించాడు. దానిమీద నడుస్తుంటే మోకాళ్లు నొప్పి, మందుల షాపులో బిళ్లలు తెచ్చుకుని పూటకొకటి వేసుకుంటున్నా. పది రోజుల్లో నాలుగు కిలోలు పెరిగాను. సాయంత్రానికి పాదాలు పొంగుతున్నాయి, పడుకుంటే ఆయాసం, రెండు దిండ్లు కావాల్సి వస్తోంది. వ్యాయామం చేస్తే మొదట్లో బరువు పెరుగుతారని ఎవరో అన్నారు, నిజమేనా?
– ఒక రైతు, కందుకూరు

జవాబు: ఈ ఉత్తరం చేతికందిన రోజే కింద ఇచ్చిన నంబరుకి ఫోన్ చేశాను, ఇక్కడ రాసింది ఆయన సరేనన్నాకే.

మొదట్లో పెరుగుతారన్నది నిజమే పెద్దాయనా, కానీ అది ఇది కాదు. పాదం మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతుంటే, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవాల్సి వస్తుంటే, రెండు మూడు రోజుల్లోనే రెండేసి కిలోలు పెరుగుతుంటే అది గుండె గానీ కిడ్నీ గానీ చెబుతున్న మాట, ఆ రోజే డాక్టరు దగ్గర ఉండాలి. ఇక ఆ నొప్పి బిళ్లలు. మోకాళ్లకి షాపులో ఇచ్చే డైక్లోఫెనాక్ లాంటివి ఒంట్లో ఉప్పునీ నీటినీ ఆపేస్తాయి, బీపీ బిళ్ల పనిని చెడగొడతాయి, షుగరుతో అలసిన కిడ్నీ మీద ఇంకా బరువు పెడతాయి. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి అవి అసలే పనికిరావు. ఇవన్నీ ట్రెడ్‌మిల్ ఖాతాలో పడిపోయాయి, పాపం.

మర్నాడే అబ్బాయి వచ్చి తీసుకెళ్లాడట, ఎకో (గుండె స్కాన్) తీస్తే గుండె పంపింగ్ తగ్గిందని తేలింది, బిళ్లలు ఆపించి నీరు దిగే మందు మొదలుపెట్టారు. వారంలో మూడున్నర కిలోలు దిగిందని మొన్న ఆయనే ఫోన్ చేసి చెప్పారు. నలభై ఏళ్లు పొగాకు ఎండబెట్టే బ్యారన్ దగ్గరా పొలం గట్ల మీదా తిరిగిన మనిషి, ట్రెడ్‌మిల్ మీద ఎంత వేగం పెట్టుకున్నారని అడిగితే "పెద్ద అంకే పెట్టానయ్యా" అన్నారు. ఇకనుంచి ఎంత నడవాలో ఆ గుండె డాక్టరే చెబుతారు.

ప్రశ్న: మాది చీమకుర్తి, టీచరుని, వయసు 36. సాయంత్రం నడిచేదాన్ని. స్కూలు పని ఎక్కువై కుదరక పొద్దున ఐదున్నరకి ఆన్‌లైన్ జుంబా (పాటలకి డాన్సు చేస్తూ చేసే వ్యాయామం) క్లాసులో చేరాను. నాలుగు నెలల్లో మూడు కిలోలు పెరిగాను. థైరాయిడ్ బిళ్ల 75 మానకుండా వేసుకుంటున్నాను, తిండి మారలేదు, ప్రొటీన్ పొడులేమీ లేవు. జుట్టు రాలుతోంది, క్లాసులో పాఠం చెబుతూ కూడా ఆవలింతలు. జుంబా నాకు పడదేమో?
– ఒక ఉపాధ్యాయిని, చీమకుర్తి

జవాబు: జుంబా ఎవరికీ పడకపోవడం ఉండదు టీచరుగారూ, పక్కింటివాళ్లకి తప్ప. నాలుగు నెలలు కాబట్టి ఇది కొత్త వ్యాయామపు నీరు కూడా కాదు. మీ ఉత్తరంలో లేని ఒక విషయం తెలుసుకోవాలనిపించి మెసేజ్ పెట్టాను, ఆ బిళ్ల ఎప్పుడు, దేంతో వేసుకుంటున్నారని. మీ జవాబు: "ఇదివరకు ఆరింటికి లేచి నీళ్లతో వేసుకుని, ఏడింటికి కాఫీ తాగేదాన్ని. ఇప్పుడు ఐదుంపావుకి లేస్తాను, టైం లేక కాఫీతోనే వేసేసుకుని క్లాసు మొదలుపెడతాను, వెంటనే కాల్షియం బిళ్ల కూడా."

దొంగ దొరికింది. థైరాయిడ్ బిళ్ల ఖాళీ కడుపున, ఉత్త నీళ్లతో వేసుకుని, కాఫీకి ముందు కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. కాఫీ దాన్ని పేగుల్లోంచి సరిగా ఒంట్లోకి పోనివ్వదు. కాల్షియం, ఐరన్ బిళ్లలైతే దాన్ని పట్టేసుకుని బయటికి తీసుకుపోతాయి, వాటికీ దీనికీ మధ్య నాలుగు గంటలు ఉండాలి. మీరు బిళ్ల మానలేదు, నిజమే, కానీ కొన్ని నెలలుగా అందులో కొంత వృథా అవుతోంది. థైరాయిడ్ తగ్గితే పెరిగే బరువు మామూలుగా రెండు నుంచి ఐదు కిలోల లోపే, దాంట్లోనూ ఎక్కువ భాగం ఉప్పూ నీరే. మీ మూడు కిలోలు, జుట్టు, ఆవలింతలు అన్నీ దానికి సరిపోతున్నాయి. (పది, పదిహేను కిలోలు పెరిగి అదంతా థైరాయిడ్ అనేవాళ్లూ ఉన్నారు, వాళ్ల సంగతి ఇంకోసారి.)

రేపే వెళ్లి థైరాయిడ్ ఎలా ఉందో చెప్పే రక్త పరీక్ష టీఎస్‌హెచ్ చేయించుకోండి. ఎక్కువ వచ్చిందని వెంటనే 75ని 100 చేయించుకోకండి, బిళ్ల వేసుకునే పద్ధతి మారిన సంగతి మీ డాక్టరుకి చెప్పండి. పొద్దున అరగంట దొరకదంటే రాత్రి భోజనం చేసిన మూడు గంటల తర్వాత, పడుకోబోయే ముందు వేసుకోవచ్చు, దాన్నీ ఆయన్ని అడిగి మార్చుకోండి, కాల్షియం మధ్యాహ్నం అన్నం తిన్నాక. అలా ఆరు నుంచి ఎనిమిది వారాలు వాడి మళ్లీ టీఎస్‌హెచ్ చూసుకోండి. జుంబా పడిందో లేదో ఆ రిపోర్టు చేతికొచ్చాక మాట్లాడుకుందాం, అప్పటిదాకా క్లాసు మానకండి, సౌండు మాత్రం కాస్త తగ్గించుకోండి, ఐదున్నరకి మీ వీధంతా లేచి కూర్చుంటోందేమో.